స్వెట్టర్ విప్పితే రాలినవి

మా నగతా వీధిలో మిసావో అనే మనిషి ఇరవై రెండేళ్లు స్వెట్టర్లు విప్పి బతికింది. అల్లి బతికింది అని కూడా అనవచ్చు కానీ, అల్లేవాళ్లు ఆ రోజుల్లో కోబెలో వీధికి పదిమంది ఉండేవారు. మిసావోలా విప్పే మనిషిని మాత్రం నేను మళ్లీ చూడలేదు. పోయిన చలికాలం ఆమె పోయింది. "పాతవి విప్పి కొత్తగా అల్లబడును" అని రాసిన ఆమె చెక్క పలక ఇప్పుడు వీధివాళ్లంతా డబ్బులిచ్చి స్నానం చేసే నా స్నానశాల గోడకే ఉంది. అదేమిటని అడిగినవాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇక రాసి పెడుతున్నాను.

మిసావో నా కంటే పదిహేనేళ్లు చిన్న. భర్త లేడు, పిల్లల్లేరు. ఫుసానో సాన్ ఇంటి మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఎండాకాలం రాగానే గుడ్డ మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పాత స్వెట్టర్లు పోగు చేసేది. వీధంతా బట్టలు గాలికి ఆరేసుకునే రోజులవి. ఎవరికి ఏది పొట్టి అయింది, ఏది చిరిగింది అన్నది కర్రల మీదే కనబడిపోతుంది.

తెచ్చినదాన్ని వెంటనే విప్పదు. ముందు తూస్తుంది. ఛాతీ ఎంత, పొడవెంత, బెత్తెడుకు ఎన్ని కుట్లు అన్నీ కాగితం మీద రాసుకుంటుంది. తర్వాత అతుకు దగ్గర ఒక కొస పట్టుకుని లాగితే స్వెట్టర్ మొత్తం నూడుల్స్‌లా మెలికలు తిరిగిన దారమై ఒళ్లో పడుతుంది. దాన్ని కడిగి, నీళ్లు మరుగుతున్న కెటిల్ మూతకున్న కన్నంలోంచి లోపలికి పంపి, కొమ్ములోంచి బయటకు లాగుతుంది. ఆవిరికి మెలికలన్నీ పోయి దారం కొత్తదానిలా సాగి వస్తుంది. ఆ కెటిల్ ముందు కూర్చుంటే నాకు పొద్దు తెలిసేది కాదు. "పిన్నీ, నీ పొయ్యి ఆరిపోతుంది, పోవమ్మా" అని ఆమే తరిమేది.

రేవు ఊరు కదా, ఓడలవాళ్లు అమ్ముకుపోయిన పాత బట్టల్లో అప్పుడప్పుడు కాశ్మీరు మేక ఊలు స్వెట్టర్ ఒకటి తగిలేది. చిమట పురుగులు తిని, మోచేతులు పోయి, ఎవరూ ముట్టనిది. మిసావో దాన్ని చవగ్గా తెచ్చి విప్పేది. మెడ చుట్టూ, మణికట్ల దగ్గర ఆ మేలు దారం ఒక్కటే వేసేది. మిగతా ఒంటికి ఆ పోగు ఒకటి, మామూలు ఊలు పోగు ఒకటి కలిపి అల్లేది. "మెడకు తగిలేది మహారాణీగారిది, వీపుకు తగిలేది మనది. వీపుకి నోరుందా ఏం, అడగడానికి?" అనేది. మా వీధిలో చేపలమ్మే ఆవిడ మెడకు కూడా కాశ్మీరు ఊలు తగిలిందంటే అది మిసావో చలవే.

ఇంకో అలవాటు ఉండేది. స్వెట్టర్ విప్పుతుంటే ఏవేవో రాలతాయి. ఎండిన అన్నం మెతుకు, వెంట్రుక, ట్రాము టికెట్టు ముక్క. వాటన్నిటినీ చిన్న కాగితంలో పొట్లం కట్టి, అల్లిన స్వెట్టర్‌తో పాటు యజమానికి ఇచ్చేసేది. "చెత్త కదా, పారెయ్యవే" అంటే, "ఎవరి చెత్త వాళ్లది పిన్నీ. పారెయ్యడానికి నేనెవర్ని?" అనేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, యుద్ధం ముగిసిన పన్నెండో ఏట ఎండాకాలంలో నా వల్ల ఆమెకు వచ్చిన ఆపద ఈ అలవాట్లను పట్టుకునే వచ్చింది.

ఫుసానో సాన్ అంటే మిసావో అద్దెకుండే ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి. వీధిలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడేది కాదు, అయినా అందరికీ ఆమె అంటే హడలు. ఆమె చూస్తే చాలు, మెడలో గుండీ పెట్టుకున్నామో లేదో తడుముకునేవాళ్లం. ఒక్కగానొక్క కొడుకు సెయిజి. యుద్ధానికి ముందు కొండవాగులు పొంగి ఊరి మీద పడిన ఏడు, పంతొమ్మిదేళ్ల వాణ్ణి వరద తీసుకుపోయింది. ప్రతి ఏడూ, పోయిన పెద్దల ఆత్మలు ఇంటికి వచ్చిపోయే పండుగ మూడు రోజులూ ఆమె పూజ అర ముందు ఒక మూట పెట్టేది. తెల్లటి మందపు కాగితం, ఊదా రంగు తాడు. అగరుబత్తి వెలిగించడానికి వెళ్లిన ప్రతిసారీ నా కళ్లు దాని మీదే. పన్నెండేళ్లుగా అందులో ఏముందో నాకు తెలియదు. మా వీధిలో నాకు తెలియనిది అదొక్కటే అనుకుంటాను.

ఆ ఏడు ఆగస్టు ఒకటిన ఫుసానో సాన్ అవాజి దీవిలో అక్కగారింటికి వెళ్తూ కింది వాటా రెండో తాళం నాకిచ్చింది.

"స్నానశాలమ్మా, పై రెండు సొరుగుల్లో బట్టలు గాలికి ఆరెయ్యి. చేతుల్లేని బూడిదరంగు స్వెట్టర్ ఒకటుంది, అది మిసావోకి ఇచ్చి విప్పమను. అడుగు సొరుగు జోలికి పోకు. పన్నెండో తారీఖుకి వస్తాను."

"అయ్యో, నేనెందుకు పోతానండీ?" అన్నాను. నిజంగా పోననే అనుకున్నాను.

మూడో తారీఖున ఆ ఇంట్లో ఒంటరిగా నిలబడితే నా చెయ్యి నా మాట వినలేదు. అడుగు సొరుగు లాగితే ఆ మూట. తాడు విప్పాను. కాగితం తెరిచాను. బూడిదరంగు స్వెట్టర్. అంతేనా అనుకున్నాను. వేళ్లు తగలగానే తెలిసింది. పిల్లి పొట్ట కింద వెంట్రుకలంత మెత్తన. ఓడలో వంటవాడిగా తిరిగిన ఆమె భర్త ఎక్కడినుంచో మేక ఊలు తెచ్చాడనీ, కొడుక్కి ఆమె తన చేత్తోనే అల్లిందనీ విన్నాను. ఇది అదేనన్నమాట. గాలి తగలకపోతే పురుగు పడుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, దాన్ని కూడా తీసుకుపోయి మా స్నానశాల వెనకాల వెదురు కర్రకు తొడిగాను.

నేను పొయ్యిలో కట్టెలు వేస్తుండగా బయట మిసావో గొంతు వినబడింది.

"పిన్నీ, ఫుసానో సాన్‌ది నాకిచ్చేది ఏదీ?"

"బూడిదరంగుది! కర్ర మీదుంది, తీసుకుపో!"

చేతుల్లేనిది ఆరేసిన పరుపుల వెనకాల అటు కొసన ఉందని నాకు గుర్తులేదు. కర్ర మీద రెండు బూడిదరంగువి ఉన్నాయనీ గుర్తులేదు.

సాయంత్రం నాలుగింటికి బట్టలు తీస్తుంటే చేతుల్లేని స్వెట్టర్ చేతికి వచ్చింది. రెండోది లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మేడెక్కాను. మిసావో కెటిల్ ముందు కూర్చుని ఉంది. కొమ్ములోంచి ఆఖరి బార దారం పొగలు కక్కుతూ బయటకు వస్తోంది.

"ఆపు! ఆపవే!"

"ఏమైంది పిన్నీ? బాయిలర్ పేలిందా?"

"అది కాదే విప్పమన్నది! అది... సెయిజిది."

మిసావో చేతిలో దారం అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"ఇంత మేలు ఊలు ఈ ముసలావిడ దగ్గర ఎక్కడిదా అనుకున్నాను," అంది మెల్లగా. "సంతోషంతో పరుగు పరుగున విప్పేశాను పిన్నీ. కడిగేశాను కూడా."

గోడకు వేలాడుతున్న దారపు చిలపలు చూశాను. శుభ్రంగా, తిన్నగా, సబ్బు వాసనతో. పంతొమ్మిదేళ్లుగా ఒక తల్లి దాచుకున్నది పొద్దున్నుంచి సాయంత్రంలోగా దారమైపోయింది.

"ఇది బయటికి పోతే నాకు ఇంకెవరు బట్ట ఇస్తారు?" అంది మిసావో. "ఎవరిది ఏదో తెలియకుండా విప్పేసే దానికి? ఈ గదీ ఉండదు. పనీ ఉండదు."

ఇచ్చింది నేనే, నేనే చెబుతాను అన్న మాట నా నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. తాళం నమ్మి ఇచ్చిన మనిషి సొరుగు తెరిచానని తెలిస్తే, ఈ వీధిలో నేను తల ఎత్తుకునేదెలా? నోరు తెరిస్తే ఆగని దాన్ని, ఆ పూట నోరు మూసుకుని నిలబడ్డాను.

మిసావో కొలతల కాగితం తీసి చాలాసేపు చూసింది. "తొమ్మిది రోజులు," అంది. "ఎలా ఉన్నది అలా మళ్లీ అల్లాలి."

ఆమె గదికి పొద్దుగూకులా ఎవరో ఒకరు వస్తారు. ఎక్కడ కూర్చున్నా "ఎవరిదే అది?" అని అడుగుతారు. మామూలు రోజుల్లో అడిగేదాన్ని నేనే. అందుకని మా బాయిలర్ మీద, తువ్వాళ్లు పెట్టే అటక ఎక్కించాను. ఆగస్టు నెల ఉక్కకు ఎలుకలు కూడా అక్కడుండవు. చెమట పట్టిన చేత్తో రుద్దితే మేక ఊలు ముద్దకట్టుకుపోతుందట. నిమిషానికోసారి చేతులకు పిండి అద్దుకుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని అల్లేది. నేను బార్లీ టీ, పుచ్చకాయ ముక్కలు పైకి అందించేదాన్ని. ముక్కలు అలాగే కిందికి తిరిగొచ్చేవి.

మొదటి రోజే ఒక చిక్కు. ఫుసానో సాన్ చెయ్యి బిగువు, మిసావో చెయ్యి వదులు. మామూలు సూదులతో అల్లితే బెత్తెడుకు మూడు కుట్లు తగ్గాయి.

"అల్లినావిడ చూస్తే ఇట్టే పట్టేస్తుంది పిన్నీ. ఎవరి అల్లిక వాళ్లకు తెలియదా? ఇంకా సన్నటి సూదులు కావాలి."

యుద్ధం రోజుల్లో సైకిల్ పుల్లలతో అల్లుకున్నాం. మా ఆయన సైకిల్ వెనక చక్రంలోంచి నాలుగు పుల్లలు ఊడదీసి, కొసలు రాయి మీద అరగదీసి ఇచ్చాను. మర్నాడు ఆయన ఊగుతూ వచ్చాడు.

"ఏమిటే, నా సైకిల్ తాగినట్టు నడుస్తోంది?"

"మీతో తిరిగి నేర్చుకుంది," అన్నాను. ఆయన నవ్వుతూ పోయాడు.

మిసావో వేళ్లకు జ్ఞాపకం ఉండేది. విప్పేటప్పుడు ఎడమ భుజం దగ్గర ఒక కుట్టు మెలిపడి చిక్కిందట. అక్కడికి రాగానే ఆగి, ఊపిరి బిగబట్టి, ఆ తప్పును తప్పుగానే అల్లింది. "ఇక్కడ ఆవిణ్ణి ఎవరో పిలిచి ఉంటారు పిన్నీ. అటు తిరిగింది," అంది.

ఏడో తారీఖున కార్డు వచ్చింది. ఫుసానో సాన్ అచ్చు గుద్దినట్టుండే అక్షరాలు. "ఇక్కడ పనైపోయింది. పదో తారీఖు మధ్యాహ్నం ఓడకు వస్తున్నాను."

కార్డు పట్టుకుని అటక ఎక్కాను. మిసావో చదివి, కార్డు పక్కన పెట్టి, మళ్లీ సూదులు అందుకుంది. ఆ మూడు రోజులూ ఆమె తల ఎత్తకుండా అల్లింది. కుట్లు లెక్కపెట్టుకుంటూ పెదాలు మాత్రం కదిలేవి. వేళ్ల కణుపులు వాచి, అటక మీద పొయ్యి వెలుగు పడే ఎర్రటి చీకట్లో అల్లం కొమ్ముల్లా కనిపించేవి.

పదో తారీఖు పొద్దున దారం చాలదని తేలింది. కడగడంలో కొంత, తెగిన కొసల్లో కొంత పోయింది. కుడి చెయ్యి అంచు ఇంకా నాలుగు వేళ్ల మేర మిగిలింది. ఆ దారం ఊరంతా గాలించినా దొరికేది కాదు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడవకు పిన్నీ, కిందికి వినబడుతుంది," అని మిసావో కింది అంచును తిప్పి చూసింది. పాత స్వెట్టర్‌కు ఉన్నట్టే అంచును లోపలికి మడిచి రెండు పొరలుగా ముందే అల్లి ఉంచింది. "లోపలి పొర ఎవరికీ కనబడదు. బాబాయ్ మఫ్లర్ బూడిదరంగే కదా?"

లోపలి పొర విప్పేసి, మా ఆయన మఫ్లర్ సగం విప్పి ఆ దారం అక్కడ వేసింది. అక్కడ మిగిలిన మేలు దారం చేతి అంచుకు సరిపెట్టింది. మెడకు మహారాణీగారిది, వీపుకు మనది. ఆ మాట ఇద్దరికీ గుర్తొచ్చింది, ఎవరమూ అనలేదు.

అంచు ఇంకా రెండు వేళ్లు ఉందనగా సందు చివర ఫుసానో సాన్ గొడుగు కనిపించింది. ఎదురు పరిగెత్తాను.

"వచ్చారా! ఎంత బడలిపోయారు! నీళ్లు వేడిగా ఉన్నాయి, ఇంకా ఎవరూ దిగలేదు. ముందు స్నానం చేసి అప్పుడు ఇంటికి పోదురుగాని."

"మూట ఇంట్లో పెట్టి వస్తాను."

"నేనెందుకున్నానండీ? ఇలా ఇవ్వండి!" మూట లాక్కున్నంత పని చేశాను. ఆమె నన్ను ఒక చూపు చూసి, చెప్పులు విడిచింది.

వీపు రుద్దుతానని నేను కూడా లోపలికి వెళ్లాను. ఎముకలు తేలిన చిన్న వీపు. ఈ మనిషిని చూసా మేమంతా హడలిపోయేది అనిపించింది. పైన అటక మీద చెక్క కిర్రుమంటే నా చేతిలో బట్ట జారిపోయింది.

"పైన ఎవరు?"

"ఎలుకలండీ."

"ఆగస్టులోనా?"

బకెట్టెడు నీళ్లు ఆమె తల మీద గుమ్మరించాను, ఇంకో ప్రశ్న రాకుండా. ఆమె బట్టలు కట్టుకుని బయటికి వచ్చేసరికి మిసావో మా గుమ్మంలో నిలబడి, నేను ముందే ఇచ్చి ఉంచిన తాళం తిరిగి నా చేతిలో పెట్టింది. తల ఊపింది. స్వెట్టర్ సొరుగులో పెట్టేసి వచ్చింది. కాగితం అదే, తాడు అదే, ముడి కూడా అదే.

పదమూడో తారీఖు పండుగ. అగరుబత్తులు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఎన్నడూ లేనిది, ఆ ఏడు ఫుసానో సాన్ మా ముందే మూట విప్పింది.

"వీడు పోయి ఇరవయ్యో పండుగ. ఒకసారి గాలి తగలనిద్దామని," అంది.

స్వెట్టర్ ఒళ్లో పరుచుకుంది. అరచేత్తో ఛాతీ మీద నిమిరింది. ఎడమ భుజం దగ్గర ఆ మెలికపడ్డ కుట్టు మీద బొటనవేలు ఆగింది. "ఇక్కడ వాడు పిలిచాడు, ఆకలేస్తోందమ్మా అని," అంది. ముఖం దగ్గరికి తీసుకుని వాసన చూసింది. కర్పూరం బిళ్ళలు వేసి ఉంచాను కనుక అదే వాసన వచ్చి ఉంటుంది. ఆమె స్వెట్టర్‌ను మళ్లీ మడతపెట్టింది.

అయిపోయింది. బతికిపోయాం. నేను నేల మీద చెయ్యి ఆనించి లేవబోయాను.

మిసావో లేవలేదు. నడుము దగ్గరనుంచి చిన్న కాగితపు పొట్లం తీసి, రెండు చేతులతో ఫుసానో సాన్ ముందుకు జరిపింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. అందలేదు. ఆ పొట్లాన్ని పొయ్యిలో వెయ్యమని నేను ఎన్నిసార్లు బతిమాలానో ఆమెకే తెలుసు.

"ఇవి మీవి," అంది. నుదురు చాప మీద ఆనించింది. "మీ స్వెట్టర్ విప్పేశానండీ. పొరపాటున. ఇది నేను మళ్లీ అల్లింది. విప్పినప్పుడు ఇవి రాలాయి. ఎవరివి వాళ్లకు ఇవ్వాలి."

నా పేరు చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. అప్పుడు నా నోరు తెరుచుకుంది. "సొరుగు తెరిచింది నేనండీ. ఇచ్చింది నేను. దాని తప్పేం లేదు."

ఫుసానో సాన్ మా ఇద్దరినీ చూడలేదు. పొట్లం విప్పింది. అందులో నల్లటి పొడుగు వెంట్రుక ఒకటి, అల్లేటప్పుడు దారంతో కలిసిపోయినది. ఆమెదే. ఇప్పుడు ఆమె తలంతా తెలుపు. ఇంకొకటి, అంచు మడతలో ఇరుక్కుని ఉండిపోయిన ముళ్ల గడ్డిగింజ. మా వెనకాల తకతోరి కొండ మీద దొరికేది. దాన్ని వేలి కొసన పెట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"కొండకు పోయాడా?" అంది. మమ్మల్ని కాదు. "రాత్రి బడికి పోతున్నానని చెప్పేవాడు."

తర్వాత నా వైపు చెయ్యి చాపింది. "తాళం." ఇచ్చాను. "వెళ్లండి."

ఆ తాళం నాకు మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇవ్వమని నేను అడగనూ లేదు.

ఆ రోజునుంచి మిసావో పొద్దున్నే లేచి తన సామానంతా గుడ్డలో మూట కట్టేది. పొమ్మనే మాట వస్తే వెంటనే పోవాలని. సాయంత్రం దాకా ఏ మాటా రాకపోతే అన్నం గిన్నె కోసం మూట విప్పేది. కింద ఫుసానో సాన్ అడుగుల చప్పుడు వినబడితే కుట్టు మధ్యలో ఆగిపోయేదట. నేను స్నానశాలలో డబ్బులు తీసుకునే ఎత్తు పీట మీద కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి ఆడదాని ముఖంలో వెతుక్కునేదాన్ని. తెలిసిందా? ఈమెకు చెప్పిందా? రోజుకు నూరు ముఖాలు. ఫుసానో సాన్ కూడా వచ్చేది. డబ్బులు పెట్టేది, స్నానం చేసేది, పోయేది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే, ఆమెను తిట్టుకునైనా నిద్రపోయేదాన్ని.

పన్నెండో రోజు మేడమెట్ల మీద అడుగుల చప్పుడు. నేను అప్పుడు మిసావో గదిలోనే ఉన్నాను. ఇద్దరం లేచి నిలబడ్డాం. మూట గోడ వారగా కట్టి సిద్ధంగా ఉంది. ఫుసానో సాన్ దాన్ని చూసింది. లోపలికి రాలేదు. చేతుల్లేని బూడిదరంగు స్వెట్టర్ గడప మీద పెట్టింది.

"ఇది తీసుకుపోవడం మర్చిపోయావు," అంది మిసావోతో. "విప్పి అల్లు. మెడ దగ్గర మంచి దారం వెయ్యి, గుచ్చుకోకుండా. రాలినవి ఏవైనా ఉంటే తెచ్చి ఇయ్యి."

దిగి వెళ్లిపోయింది.

మిసావో ఆ పూటే కూర్చుంది. తూచింది, కొలిచింది, ఒళ్లో తెల్ల కాగితం పరుచుకుంది. కొస పట్టుకుని, గంటలో విప్పే మనిషి, సాయంత్రం దాకా ఒక్కో వరుసే విప్పింది. నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. అందులోంచి ఏమీ రాలలేదు. కాస్త బూడిదరంగు నూగు, దుమ్ము. అంతే.

మిసావో ఆ దుమ్మును కూడా పొట్లం కట్టి, కిందికి తీసుకువెళ్లి ఇచ్చింది.